గురక పట్టీ

1. సోమవారం

ఇవాళ నా మెడకు పట్టీ వేశారు. మెత్తటి గుడ్డే. లోపల బియ్యపు గింజంత మర ఉంది. గురక మొదలవగానే అది చీమ పాకినట్టు కదులుతుంది. మనిషికి మెలకువ రాదు, పక్కకు తిరుగుతాడు. గురక ఆగుతుంది. మందుల గది నుంచి వచ్చిన పిల్ల ఈ సంగతి చెప్పి, పట్టీ చుట్టి, గుండీ పెట్టి పోయింది. నేను తల ఊపాను.

నా గురక మీద ఫిర్యాదు ఇచ్చింది నా భార్య చంద్రవ్వ అని కాగితంలో ఉంది. ఆమె ఇవ్వలేదు. జరిగింది రాస్తాను.

పోయిన వారం చెవిగది నుంచి నవనీత వచ్చింది. మాది మూడో సాలు, అంటే బొగ్గు తవ్విన సొరంగం వెంట గదుల వరస. ఈ పాత బొగ్గుబాయిలో అన్ని సాళ్లూ తిరిగి, నిద్ర ఎలా పడుతోందని ఇల్లిల్లూ అడగడం ఆమె పని. మా గడపలో కూర్చుని, "నిద్రకు ఏమైనా ఇబ్బందిగా ఉందా అవ్వా?" అంది.

చంద్రవ్వ జొన్నపిండి పిసుకుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏం నిద్ర బిడ్డా. ఈ ముసలోని గురకతోని నా పానం పోతంది. లగ్గమైన కాన్నుంచి గిర్ని పక్కన పండుకున్నట్టే ఉన్నది. ఎవలన్న తీస్కపోతే పుణ్యముంటది."

మా దిక్కు ఆడవాళ్లు బయటివాళ్ల ముందు మొగుణ్ణి గురించి అలాగే మాట్లాడతారు. మంచోడు అంటే దిష్టి తగులుతుందని. మా అమ్మ మా నాయనను "ఆ పీనుగు" అనేది. ఆ పీనుగు చేను నుంచి వచ్చేదాకా తాను ముద్ద ముట్టేది కాదు. వినేవాళ్లకు కూడా ఇది తెలుసు. "ఔనే అక్కా" అని నవ్వి, తమ మొగుణ్ణి కూడా రెండు మాటలని పోయేవారు.

నవనీత నవ్వలేదు. ఆ పిల్ల ఈ బాయిలోనే పుట్టింది, కిందనే పెరిగింది. అవ్వ నిజంగా బాధపడుతోందనుకుంది. మొహం జాలిగా పెట్టి, చేతిలో పలక మీద రాసుకుంది.

ఇవాళ పట్టీ వేసి మందుల గది పిల్ల వెళ్లిపోయాక చంద్రవ్వ నా మెడ వైపు చాలాసేపు చూసింది.

"నేను ఊకెనే అన్న" అంది.

"తెలుసు" అన్నాను.

2. బుధవారం

పట్టీతో నాకు బాధ లేదు. ఆమెకు ఉంది.

పొద్దున లేచేసరికి చంద్రవ్వ నా పక్కన కూర్చుని ఉంది. కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి.

"పండుకోలేదా?"

"గురక బందైతే నాకు మెలకువొస్తది. లేసి నీ ముక్కు కాడ ఏలు పెట్టి చూస్త. గాలి ఆడుతున్నదని మల్ల ఒరుగుత. ఒరుగంగనే ఏం సప్పుడు లేదని మల్ల లేస్త."

"బతికే ఉన్న."

"గది నాకెట్ల తెల్వాలె? నువ్వైతే చెప్పవు. మామూలుగనే చెప్పవు, పండుకున్నంక చెప్తవా?"



పైన ఊరున్న రోజుల్లో నాకు పిండి గిర్ని ఉండేది. ఇల్లు గిర్ని వెనకే, ఇద్దరికీ ఒకటే గోడ. గిర్ని నడుస్తుంటే ఎంత అరిచినా వినపడదు. అందుకని మాట్లాడడం తగ్గించాను, ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. గిర్ని నడిచినంతసేపు చంద్రవ్వ ఇంట్లో తన పని తాను చేసుకునేది. చప్పుడు ఆగిందంటే చాలు, చేతిలో పని పడేసి ఉరికొచ్చేది. బెల్టు తెగిందా, నా చెయ్యి దానిలో పడ్డదా అని. కరెంటు పోయినప్పుడల్లా ఆమె అలా గడప దాకా వచ్చి, నన్ను చూసి, ఏమీ అనకుండా తిరిగిపోయేది. చప్పుడు ఉంటే ఆమెకు నెమ్మది. అది ఆగితే గాబరా.

పైన దుమ్ము కమ్మాక అందరం ఈ బాయిలోకి దిగాం, ఇప్పుడు నా పని గాలి బట్టలు ఉతకడం. పై నుంచి గాలి వచ్చే గొట్టాల మూతికి బట్టలు కడతారు. పైనున్న దుమ్ము అంతా వాటికి పడుతుంది, ఇటుకపొడిలా. నేను ఉతుకుతాను. చిరిగినవాటిని ఖాజా కుడతాడు. ఖాజా పైన ఉన్నప్పుడు దర్జీ. ఇప్పుడు మా పక్క గదిలోనే ఉంటాడు.

"ఏంది ఓదెలన్నా, గిర్ని బందైందట?" అన్నాడు ఇవాళ.

"ఊఁ."

"మా ఇంట్ల అయితే మస్తు నిద్ర. మా బేగం నీకు సలాం చెప్పమన్నది." సూది ఆపి నా మొహం చూశాడు. "మరి వదినె మొకం గట్ల గుంజుకపోయిందేంది?"

"నిద్ర లేదు."

"గురక బందైనంక నిద్ర పట్టాలె గదనే."

"పడ్తలేదు."

ఖాజా దారం కొరికి తెంపాడు. "మా బేగం నా మిషిను సప్పుడికి పండుకునేది. ఇప్పుడు మిషిను లేదని నన్ను తిడుతది. తిట్టి తిట్టి పండుకుంటది" అన్నాడు.

3. గురువారం

చెవిగదికి వెళ్లాను. గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఎవరో ఒకరు చూసేదాకా నిలబడడం నా పద్ధతి. నవనీతే చూసింది.

"రండి తాతా. ఏం కావాలి?"

పట్టీ విప్పి బల్ల మీద పెట్టాను. "వద్దు" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కూర్చోమంది. గోడ మీద బొమ్మలో సాళ్లు, సాళ్ల కప్పులకు బిగించిన చెవులు చూపించింది. చెవులంటే అవి వినే మరలే, అందరూ అలాగే పిలుస్తారు.

"కప్పు కూలే ముందు రాయి చిటుక్కుమంటుంది తాతా. చాలా చిన్న చప్పుడు. పగలు సందడిలో అది వినపడదు. అందుకే పగలు చెవులు మూసి ఉంచుతాం. పగలైతే కళ్లు తెరిచి ఉంటారు, మట్టి రాలితే ఎవరో ఒకరు చూస్తారు. అందరూ పడుకున్నాక చెవులే దిక్కు. మీ గురక ఆ చిటుకు మీద పడుతోంది. మీ సాలు చెవికి ఇన్నాళ్లూ సగం చెవుడే."

"ఇన్నేండ్లు పెట్టిన గద."

"ఇన్నేళ్లూ మాకు తెలియదు. అవ్వ చెప్పాకే తెలిసింది. మీకు పట్టీ వేశాక ఆ చెవికి పదును పెంచాం, ఇప్పుడు రాత్రి గట్టి చప్పుడు ఏది పడినా కూత వేస్తుంది." బొమ్మలో ఒకచోట వేలు పెట్టి, "ఐదో సాలు కూలినప్పుడు మా అమ్మ అందులో ఉంది" అంది.

ఐదో సాలు నాకు గుర్తుంది. అందరికీ గుర్తుంది. పట్టీ మళ్లీ తీసుకున్నాను.

గడప దాటుతుంటే పిలిచి ఒక పెట్టె ఇచ్చింది. నిద్ర పెట్టె. అందులో చప్పుళ్లు ఉన్నాయి, వెలుతురు ఉంది. పెట్టె చప్పుడు చెవులకు ముందే తెలుసు కాబట్టి దాన్ని తీసేసి మిగతాది వింటాయట. "అవ్వకు ఏది నచ్చితే అది పెట్టండి" అంది.

మంచి పిల్ల. మంచితనం మీద కోపం చూపించడం నాకు రాదు.

4. శనివారం

రెండు రోజులుగా పెట్టెతో తిప్పలు.

మొదట వాన పెట్టాం. పైన వాన చూసి ఎన్నేళ్లయిందో. నాకు మంచిగానే అనిపించింది, కళ్లు మూసుకున్నాను. కాసేపటికి చంద్రవ్వ దుప్పటి తన్నేసి లేచింది.

"మిరపకాయలు" అంది.

"ఏం మిరపకాయలు?"

"మిద్దె మీద ఎండపోసినయి." అప్పుడు చుట్టూ చూసుకుంది. మిద్దె లేదు, మిరపకాయలు లేవు. మెల్లగా పడుకుంది. కాని వాన పడుతున్నంతసేపు ఆమె చేతులు ఊరికే ఉండలేదు, దుప్పటి కొసలు పోగుచేస్తూనే ఉన్నాయి.

తర్వాత వాగు. వాగు పెట్టగానే నల్లా విప్పి మరిచిపోయిందని లేచింది. రైలు పెడితే కూర్చునే ఉంది, మన టేషన్ దాటిపోతదేమోనని. సముద్రం మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు. అది ఏం చప్పుడో తెలియక ఇద్దరం భయపడ్డాం.

వెలుతురు కూడా అంతే. నీలం రంగు వస్తే "సావింటి లెక్క ఉన్నది, ఆర్పు" అంది. పచ్చది కూడా వద్దంది. మీట తిప్పుతూ పోతే పాత జీరో బల్బులాంటి ఎర్రటి వెలుగు వచ్చింది. పైన మా ఇంట్లో అదే ఉండేది. "ఆఁ, గిది" అంది. ఇక నిద్ర పడుతుందనుకున్నాను.

పొద్దున చూస్తే మళ్లీ కూర్చునే ఉంది. ఆ వెలుతురులో నా రొమ్ము లేవడం, దిగడం కనపడుతోందట. చీకటిలో అయితే అప్పుడప్పుడు వేలు పెట్టి చూసేది. వెలుతురు వచ్చాక కన్ను మరల్చలేకపోయింది.

"నువ్వు జెర జోరుగ ఊపిరి తీసుకోరాదు" అంది.

"నిద్రల ఎట్ల తీసుకుంట?"

"గిన్నేండ్లు తీసుకోలేదా?"

5. సోమవారం

నవనీత మా గదికి వచ్చింది. పెట్టె పని చేయడం లేదంటే బాధపడింది. తర్వాత ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. పట్టీ వేయకముందు నా గురక చెవిలో పడి ఉంది కదా. దాన్నే పెట్టెలో పెడితే సరిపోతుంది. చెవులకు తెలిసిన చప్పుడు, అవ్వకు తెలిసిన చప్పుడు. తెలివైన పిల్ల. అక్కడే కూర్చుని పెట్టెలోకి ఎక్కించింది.

నా గురక నేను మొదటిసారి విన్నాను. సిగ్గేసింది. ఇంత చప్పుడు చేసినవాణ్ణి ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదే అనిపించింది.

పడుకునే గంట కొట్టారు. చంద్రవ్వ పెట్టెను తలవైపు పెట్టుకుంది. గురక మొదలైంది. ఆమె చేతులు నెమ్మదించాయి. రెప్పలు మూతపడ్డాయి. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

అంతలో చేయి చాపి పెట్టె ఆపేసింది.

"ఏమైంది?"

"రేపు నువ్వు పోయినా ఇది మోగుతనే ఉంటది" అంది.

పెట్టెను గుడ్డలో చుట్టి మంచం కిందికి తోసింది. 

6. బుధవారం

ఇవాళ పొద్దున వంటశాలలో చంద్రవ్వ పెనం మీద చెయ్యి పెట్టింది. రొట్టె తిప్పుతూ తిప్పుతూ నిలబడే తూగిందట. ఎదురుగదిలో ఉండే కొమురక్క గుంజేసరికే అరచేయి కాలిపోయింది.

మందుల గదిలో కట్టు కట్టారు. కట్టి ఊరుకోలేదు. నాడి చూశారు, బరువు చూశారు, కళ్లు చూశారు. అక్కడి పెద్దమనిషి నాతో మాట్లాడకుండా తన పలకతో మాట్లాడాడు.

"నిద్ర పట్టని మనిషి. ఆదివారం మధ్యాహ్నం బండి వస్తుంది. నిద్రశాలకు మారుస్తాం."

నిద్రశాల ఏడో సాలు చివర ఉంది. మందు మింగించి పడుకోబెడతారు. మందు పడితే మనిషి తొందరగా లేవరు. లేచినా మందకొడిగా ఉంటారు. ఇద్దరున్న గదిలో ఒకరు పోతే ఆ గది కొత్తగా పెళ్లైనవాళ్లకు ఇస్తారు. మిగిలినవాణ్ణి మగవాళ్ల పడకలోకి పంపుతారు. అలా విడిపోయిన ముసలివాళ్లు మళ్లీ ఒక గదిలోకి రావడం నేను చూడలేదు.

ఇంటికి వచ్చాక చంద్రవ్వ కట్టుకట్టిన చేత్తోనే బట్టలు మడవసాగింది.

"ఏం జేస్తున్నవ్?"

"పోతగద. మందు ముద్ద ఏస్తరట. ఏసుకొని పండుకుంట. ఏమైతది."

"పోవు."

"ఆళ్లొస్తరు."

"రానీ."

నా మొహం వైపు చూసింది. పెళ్లైనప్పటి నుంచి నేను ఆమెకు ఎదురు చెప్పింది లేదు. వేరే ఎవరికీ చెప్పిందీ లేదు. మడిచిన చీర విప్పి మళ్లీ దండెం మీద వేశాను.

7. గురువారం

నిన్న పడుకునే గంట కొట్టగానే మెడ నుంచి పట్టీ తీశాను. దాచిపెట్టలేదు. తలుపు బయట చీలకు తగిలించాను, సాలులో పోయేవాళ్లందరికీ కనపడేటట్టు. వచ్చి పడుకున్నాను.

తర్వాతది నాకు తెలియదు. నిద్రపోయాను.

లేచేసరికి ఎర్రదీపం తిరుగుతోంది, కూత వేస్తోంది. సాలంతా లేచి కాలువ దారిలోకి పోయి నిలబడ్డారు. చెవికి అనుమానం వస్తే అందరూ అక్కడే నిలబడాలి. పిల్లలు నిద్రకళ్లతో ఏడుస్తున్నారు. చంద్రవ్వ నేను కుదిపినా లేవలేదు. కొమురక్క లోపలికి వచ్చి రెక్క పట్టుకుని లేపుకొచ్చింది.

"ఈమె కప్పు కూలినా లేసేటట్టు లేదు" అంది కొమురక్క. "గింత మొద్దు నిద్ర నా జన్మల సూడలె."

చంద్రవ్వ మొహం చూశాను. చెంప మీద చాప గుర్తులు పడ్డాయి. కళ్లలో ఎరుపు సగం పోయింది. ఎన్ని రాత్రుల బాకీయో, గురక ఆగినా లేవనంతగా పడుకుంది.

నవనీత ఉరుక్కుంటూ వచ్చింది. చేతిలో చిన్న చెవి ఉంటుంది ఆమెకు, గరిటెలా. దాన్ని కప్పుకు పొడవునా ఆనించి విని, ఏమీ లేదని చెప్పింది. అప్పుడు చీలకున్న పట్టీ చూసింది.

"పట్టీ ఊడిపోయిందా తాతా?" అంది. నాకు దారి ఇచ్చింది ఆ పిల్ల.

"తీసిన" అన్నాను.

8. శుక్రవారం

పొద్దున నల్లా దగ్గర సాలు సాలంతా నన్ను చుట్టుకుంది. నేను బిందె కింద పెట్టి నిలబడ్డాను.

కొమురక్కే ముందు అందుకుంది. "ఏం ఓదెలు బావా, నీ పెండ్లానికి నిద్ర పట్టాలంటే మా పోరగాండ్లు కప్పు కింద సావాల్నా?"

"వద్దు" అన్నాను.

"మరి పట్టీ పెట్టుకో."

"పెట్టుకోను."

"అయితే ఆమెను పంపు."

"పంపను."

"రెండిట్ల ఒకటి చెప్పు మరి. గోడ లెక్క నిలవడతవేంది?"

చంద్రవ్వ వెనక నుంచి, "నేనే పోతనే కొమురక్కా, లొల్లి చెయ్యకుండ్రి" అంది. గొంతు సన్నగా ఉంది.

కొమురక్క చెప్పింది తప్పు కాదు. నవనీత చెప్పింది కూడా తప్పు కాదు. నా గురక కింద ఎవరి పిల్లలో చావకూడదు. కాని ఈ ముసల్ది నేను బతికి ఉన్నానో లేదో తెలుసుకుని పడుకోవాలనుకుంటోంది. అదీ తప్పు కాదు. రాత్రంతా కూర్చుని ఇదే ఆలోచించాను. పట్టీ పెట్టుకోలేదు, పడుకోనూ లేదు. ఇద్దరం గోడకు ఆనుకుని చప్పుడు చేయకుండా కూర్చున్నాం. తెల్లారేసరికి నాకు ఒకటి తోచింది.

"పగటీలి పండుకుంటం" అన్నాను. "పగటీలి చెవులు బందుంటయి గద. రాత్రి కూసుంటం. సప్పుడు చెయ్యం."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"పగటీలి ఎక్కడ పండుకుంటవే?" అన్నాడు ఖాజా. పగలు గదుల్లో మంచాలు గోడకు లేచిపోతాయి, కూరమొక్కలు పెంచే తట్టలు కప్పు నుంచి దిగుతాయి. కాలు పెట్టడానికి చోటుండదు.

నేను చెయ్యి చాపి చూపించాను. నాలుగు సాళ్లు కలిసే చౌరస్తా. అందరూ అటే నడుస్తారు. పగటి దీపాలన్నీ అక్కడే వెలుగుతాయి. చెవిగది తలుపు దానికి ఎదురే.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"గందరి ముంగటనా?" అన్నాడు ఖాజా. "అన్నా, నువ్వు లగ్గంల గూడ తలకాయ ఎత్తలేదని వదినె చెప్పింది."

నిజమే. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా చెయ్యి దించలేదు.

పగలు పడుకుంటే పని ఉండదు, రొట్టె సగం అవుతుంది. కొమురక్క ఆ మాట గుర్తు చేసింది. "సగం తింటం" అన్నాను.

9. శనివారం

ఇవాళ చౌరస్తాలో చాప పరిచాను. మనుషులు చాప చుట్టూ తిరిగి పోయారు. ఒకతను పోతూ పోతూ, "తాతా, దిండు కావాల్నా, పాలు కావాల్నా?" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. రాత్రి నిద్ర లేదు కాబట్టి పడుకోగానే నిద్ర పట్టింది. జోరుగానే గురక పెట్టానట. పిల్లలు చుట్టూ కూర్చుని నా గురకలు లెక్కపెట్టారని ఖాజా చెప్పాడు.

చంద్రవ్వకు పట్టలేదు. కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది గాని నిద్ర రాలేదు.

"ఎలుగు కండ్లల్ల పొడుస్తంది" అంది. కొంగు ఇంకొంచెం కిందికి లాక్కుని, "సిగ్గయితంది" అంది.

"నాకు గూడ."

"నీకేంది, నువ్వు పండుకున్నవ్."

రేపు ఆదివారం.

10. ఆదివారం

ఖాజా పొద్దున్నే వచ్చాడు. భుజం మీద ఏదో బట్ట ఉంది. ఇక ఉతికినా పనికిరాని గాలి బట్టలన్నీ కలిపి ఒక పెద్ద దుప్పటిలా కుట్టాడు. ఎన్ని సార్లు ఉతికినా వదలని దుమ్ము వాటిలో ఇంకి ఉంది. నాలుగు కొసలకూ తాడు కట్టి చాప మీద పందిరిలా లాగాడు. పగటి దీపాల వెలుగు దానిలోంచి ఎర్రగా దిగింది, జీరో బల్బులా.

"పైసలు వద్దు, సలాం చాలు" అన్నాడు. వాడు ఎప్పుడూ ఇంతే.

చంద్రవ్వ దాని కింద పడుకుంది. నేను పక్కన పడుకున్నాను. ఈ సారి నిద్ర రానిది నాకు. మధ్యాహ్నం బండి వస్తుంది. కళ్లు మూసినా చక్రాల చప్పుడే వినపడుతోంది.

ఆమె ఎదురుచూస్తోంది. అది నాకు తెలుస్తోంది.

అప్పుడు దొంగ గురక పెట్టాను. నా గురక నేను పెట్టెలో ఒకసారే విన్నాను. గిర్ని మొదలయ్యేటప్పుడు బెల్టు ముందు మెల్లగా గుంజుతుంది, తర్వాత రాయి అందుకుంటుంది, అలా ఉంది అది. అలాగే లాగాను. పోయేవాళ్లు ఆగి చూస్తున్నట్టు తెలిసింది. ఇంకా గట్టిగా లాగాను.

"నిజంగనే పండుకున్నవా?" అంది చంద్రవ్వ.

జవాబు చెప్పలేదు. నిద్రపోయినవాడు చెప్పడు కదా.

కాసేపటికి ఆమె కట్టు కట్టిన చెయ్యి జారి చాప మీద పడింది. తల తిప్పి చూశాను. నోరు కొంచెం తెరుచుకుంది. నుదుటి మీద ముడతలు విప్పుకున్నాయి. చంద్రవ్వ నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ముందు పడుకునేది నేనే, తర్వాత లేచేదీ నేనే.

అప్పుడే బండి వచ్చింది. మందుల గది పెద్దమనిషి, వెనక తోసేవాళ్లిద్దరు. నవనీత తన గది తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నేను లేచి కూర్చున్నాను. గురక ఆగింది. ఆగగానే చంద్రవ్వ కనుబొమ కదిలింది.

"లేపండి ఆమెను" అన్నాడు పెద్దమనిషి.

"లేపద్దు" అన్నాను. నా గొంతు వినగానే ఆమె కనుబొమ మళ్లీ నెమ్మదించింది. అప్పుడు నాకు అర్థమైంది. గురకే కానక్కరలేదు. నా చప్పుడు ఏదైనా చాలు. నేను ఊరుకుంటేనే ఆమె లేస్తుంది. లేస్తే బండి ఎక్కిస్తారు.

అందుకని మాట్లాడాను. జీవితంలో అంత మాట్లాడలేదు.

"నిద్ర పట్టని మనిషిని గద మీరు తీస్కపోయేది. ఈమెకు పట్టింది, సూడుండ్రి. మీ బండి వేరేటోళ్లకు వాడుకోండి. ఈమె నా పెండ్లాం, చంద్రవ్వ. రొట్టెలు చేస్తది. మాకు ఊర్ల గిర్ని ఉండె. పొద్దున జొన్నలు పట్టేటోన్ని, తర్వాత గోధుమలు. మిరపకాయలు ఆఖరికి. ముందు మిరపకాయలు పట్టినవనుకో, రొట్టె తిన్నోళ్లంత తుమ్ముడే. మంది మాట వినకపోదురు, నాది ముందు పట్టు నాది ముందు పట్టు అని. నేనేం మాట్లాడకపోదును. ఇగ ఇప్పుడు మాట్లాడుతున్న."

"పగటి నిద్ర మా లెక్కలోకి రాదు" అన్నాడు పెద్దమనిషి.

"మీ లెక్క మీది. నిద్ర ఆమెది. రాళ్లకు గాట్లు పెట్టుడు గూడ నేనే పెట్టుకునేటోన్ని. రాయి మొద్దుబారితే పిండి వేడెక్కుతది. వేడెక్కితే రొట్టె ఇరుగుతది..."

ఏదంటే అది చెప్పాను. బెల్టు ఎక్కడ కొన్నానో చెప్పాను. జల్లెడ సంగతి, ఎలుకల సంగతి చెప్పాను. గొంతు ఎండిపోయింది. మాట ఒకచోట తడబడింది. చంద్రవ్వ వేళ్లు కదిలాయి. కొమురక్క గుంపులోంచి ముందుకు వచ్చి, నా చేతిలో నీళ్ల చెంబు పెట్టి, "చెప్పు బావా, ఎలుకలకు ఏం పెట్టేటోనివి?" అంది. తాగి మళ్లీ అందుకున్నాను.

నవనీత చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చంద్రవ్వ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. చాలాసేపు చూసింది.

"నిద్రలోనే ఉంది" అంది పెద్దమనిషితో. "గాఢంగా ఉంది. నిద్ర పట్టని మనిషి అని మీ కాగితంలో ఉంటే, ఆ మనిషి ఈమె కాదు."

"రేపు వస్తాం" అన్నాడతను.

"రాండ్రి" అన్నాను. "రేపు గూడ ఇక్కడ్నే ఉంటం. ఎల్లుండి గూడ."

బండి తిరిగింది. ఖాళీ చక్రాలు కటకటలాడుతూ ఏడో సాలు వైపు పోయాయి.

జనం ఇంకా కదల్లేదు. అప్పుడు కొత్త చప్పుడు ఒకటి వచ్చింది. మరుగుతున్న గిన్నె మీద మూత లేచి పడుతున్నట్టు, చివర సన్నటి ఈలతో. ఎక్కడి నుంచా అని అందరూ చూశారు. నా వెనక నుంచే. చంద్రవ్వ గురక పెడుతోంది.

ఖాజా మెడలో రుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. కొమురక్క అటు తిరిగింది, భుజాలు ఊగుతున్నాయి.

నవనీత నవ్వలేదు. చేతిలో చిన్న చెవికి దీపం వెలిగింది. పలక తీసింది. పగటిదైనా సరే, గురక ఉన్న మనిషి పేరు పలకలోకి ఎక్కితే పట్టీ వస్తుంది. అది ఆ పిల్ల పని, ఆమె చెయ్యాలి.

"తాతా, ఈ గురక ఎవరిది?"

"నాది" అన్నాను.

ఆమె నా నోటి వైపు చూసింది. "మీరు మాట్లాడుతున్నారు కదా."

"ఔ. మాట్లాడుతున్న. గురక గూడ పెడుతున్న."

"రెండూ ఒకేసారా?"

"ఒకేసారే బిడ్డా. రాసుకో. ఓదెలు అని రాసుకో."

పలక మీద ఆమె వేలు ఆగి ఉంది. నా వెనక చంద్రవ్వ ఒకటి గట్టిగా లాగింది. పందిరి బట్ట కదిలినట్టు అనిపించింది.

"అది గూడ నాదే" అన్నాను.